మెయిల్ కింద లింకులు పనిచేయట్లేదు, మాట నా మీదకు వచ్చింది

ప్రశ్న:

హైదరాబాద్‌లో ఒక ఆడిటర్ ఆఫీసులో పనిచేసే పాఠకురాలు రాసిన పెద్ద ఉత్తరం ఇది. పేర్లు, గుర్తుపట్టే వివరాలు తీసేసి క్లుప్తంగా ఇస్తున్నాం.

పిల్లల కోసం చాలా ఏళ్లు ఉద్యోగం మానేసి, రెండేళ్ల కిందట ఆమె మళ్లీ చేరారు. పేరుకు అడ్మిన్. ఫోన్లు ఎత్తడం నుంచి క్లయింట్ల దగ్గర పత్రాలు తెప్పించడం దాకా అన్నీ ఆమే చూసుకుంటారు. నిరుడు ఆఫీసు నారాయణగూడ నుంచి కొండాపూర్‌కు మారింది. అదే సమయంలో సార్ మేనల్లుడు ఆఫీసు వెబ్‌సైట్‌ను కొత్తగా తయారుచేశాడు. గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం అతనిది, ఈ పనికి డబ్బులేం తీసుకోలేదు. అందరి మెయిల్స్ కిందా ఒకే రకం సిగ్నేచర్ ఉండాలని సార్ అనడంతో, ఈమె తనకంటే ముందు ఆ సీట్లో పనిచేసి మానేసిన అమ్మాయి సిగ్నేచర్‌ను వర్డ్‌లో తెరిచి, పేర్లూ నంబర్లూ మార్చి, "దీన్ని కాపీ చేసుకోండి" అని ఆఫీసంతటికీ మెయిల్ చేశారు. అందులో ఫోన్, వాట్సాప్, మెయిల్ చిరునామా, వెబ్‌సైట్‌లో సేవల పేజీ, గూగుల్ మ్యాప్, ఆదాయపు పన్ను రిటర్నుకు ఏ ఏ పత్రాలు కావాలో చెప్పే జాబితా, వీటన్నిటికీ లింకులున్నాయి.

ఈ మధ్య ఒక పాత క్లయింటు, రిటైరైన పెద్దాయన, ఆ మ్యాప్ లింకు పట్టుకుని దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఆటోలో నారాయణగూడ వెళ్లి, రెండో అంతస్తు ఎక్కితే అక్కడ ఏదో కోచింగ్ సెంటర్ ఉంది. ఇంటికొచ్చి సిగ్నేచర్‌లోని లింకులన్నీ ఒక్కొక్కటిగా నొక్కి చూసి, స్క్రీన్‌షాట్లు తీసి సార్‌కు వాట్సాప్ చేశారు. వెబ్‌సైట్ నొక్కితే పేజీ లేదంటోంది. జాబితా నొక్కితే అనుమతి అడగమంటోంది. వాట్సాప్ నొక్కితే నంబరు చెల్లదంటోంది. సార్ స్టాఫ్ అందరి ముందూ "ఇన్ని నెలలుగా ఎవరూ చూడలేదా?" అన్నారు. మేనల్లుడేమో "సైట్ పర్ఫెక్ట్‌గా ఉంది మామయ్యా, ఆవిడకు కాపీ పేస్ట్ కూడా రాదు" అన్నాడట. "నా సిస్టమ్‌లో అన్నీ తెరుచుకుంటున్నాయి, వెబ్‌సైట్ కూడా బుక్‌మార్క్ నుంచి రోజూ తెరుస్తాను" అంటారు ఈమె. ఇంట్లో ఆయన "ఇంత చిన్నదానికి నిద్ర మానుకుంటావా" అన్నారు. జూలైలో ఇద్దరు క్లయింట్లు ఫారం 16 (జీతం, దాని మీద కోసిన పన్ను చూపే పత్రం) మెయిల్‌లో పంపామని గట్టిగా వాదించారని, తమకు రాలేదని, ఒకరితో మాటా మాటా కూడా అయిందని, చివరికి మళ్లీ తెప్పించుకుని గడువులోపే రిటర్ను వేశామని రాస్తూ, "అది వేరే సంగతి" అన్నారు.

తప్పు ఎక్కడుంది, ఎలా సరిచేయాలి, సైట్‌దే తప్పని సార్‌తో చెప్పాలా, తన డబ్బుతో ఎవరినైనా పెట్టి గుట్టుగా బాగుచేయించుకోవాలా అన్నవి ఆమె ప్రశ్నలు. తన మెయిల్ ఒకటి, ఒక జూనియర్ పంపిన మెయిల్ ఒకటి ఉత్తరానికి జత చేశారు.

జవాబు:

అమ్మా, మీరు జత చేసిన రెండు మెయిల్స్ తెరిచి ఒక్కో లింకూ నొక్కి చూశాను. మీరు అడిగిన వరుస కాస్త మారుస్తున్నాను. సార్‌కు ఏం చెప్పాలి, మేనల్లుడికి ఏం చెప్పాలి అన్నవి రెండు రోజులు ఆగినా నష్టం లేదు. ఆగకూడనిది ఒకటుంది. మీరు "వేరే సంగతి" అని దాటేసిన ఫారం 16 గొడవ అదే.

ఆ ఇద్దరూ నిజమే చెప్పి ఉండవచ్చు. మీరు పంపిన మెయిల్‌ను బ్రౌజర్‌లో తెరిచి, సిగ్నేచర్‌లో ఉన్న మీ మెయిల్ చిరునామా మీద మౌస్ బాణం పెట్టండి. నొక్కొద్దు, ఊరికే పెట్టి ఉంచండి. పైకి కనిపించే అక్షరాల్లో మీ పేరుంది. స్క్రీన్ కింద ఎడమ మూలన సన్నటి అక్షరాలతో ఇంకో చిరునామా వస్తుంది చూడండి. అది మీకంటే ముందు ఆ సీట్లో ఉండి వెళ్లిపోయిన అమ్మాయిది. అంటే ఎవరైనా మీ చిరునామా అనుకుని దాన్ని నొక్కితే, కొత్త మెయిల్ ఆ అమ్మాయి పేరు మీద తెరుచుకుంటుంది. "టు" దగ్గర ఎవరి పేరుందో చూసుకునేవాళ్లు తక్కువ. ఫైలు జత చేసి సెండ్ కొట్టేస్తారు.

ఇలా ఎందుకైందంటే, లింకులో రెండు పొరలుంటాయి. పైన కంటికి కనిపించే మాట, దాని కింద అసలు చిరునామా. వర్డ్‌లో పైమాటను చెరిపి కొత్తది టైప్ చేస్తే పైపొర ఒక్కటే మారుతుంది. అడుగున పాతది అలాగే ఉంటుంది. దాన్ని మార్చాలంటే లింకు మీద రైట్ క్లిక్ చేసి "ఎడిట్ హైపర్‌లింక్" తెరిచి, అక్కడ "అడ్రస్" గడిలో ఉన్నదాన్ని మార్చాలి. ఇది తెలియకపోవడానికీ కంప్యూటర్ రాకపోవడానికీ సంబంధం లేదు. పాత ఫైలును మార్చి వాడుకునే ప్రతి ఆఫీసులోనూ, పెళ్లి శుభలేఖ నుంచి కొటేషన్ దాకా, జరిగేది ఇదే. మీ సార్ మేనల్లుడుగారి కంపెనీలో కూడా జరిగే ఉంటుంది, కాకపోతే అక్కడ పట్టుకోవడానికి టెస్టింగ్ టీమ్ ఉంటుంది.

కంగారు పడకండి, ఇందులో ఊరట కలిగించే విషయం కూడా ఒకటుంది. మీ మెయిల్‌కు రిప్లై కొట్టినవాళ్లవన్నీ మీకే వచ్చాయి, ఎందుకంటే రిప్లై సిగ్నేచర్‌ను చూడదు, మెయిల్ ఎవరి దగ్గర నుంచి వచ్చిందో దానికే వెళ్తుంది. సిగ్నేచర్‌లోని చిరునామాను నొక్కి కొత్తగా రాసినవాళ్లవి మాత్రమే దారి తప్పాయి. అవి కొన్నే ఉంటాయి. అయినా ఆ కొన్నిటిలో ఉండేవి పాన్ కార్డులు, జీతం వివరాలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు.

ఇప్పుడు తేల్చుకోవాల్సింది, ఆ పాత చిరునామా ఇప్పుడు ఎవరి చేతిలో ఉందన్నది. అది ఆఫీసు డొమైన్ (వెబ్‌సైట్‌కూ మెయిల్స్‌కూ ఆఫీసు వాడే సొంత పేరు) మీద ఉన్న చిరునామా అయితే సగం టెన్షన్ పోయినట్టే. ఆ మెయిల్‌బాక్స్‌ను ఎప్పుడో తీసేసి ఉంటే పంపినవాళ్లకు "చేరలేదు" అని తిరుగు మెయిల్ వచ్చి ఉండాలి. మీ క్లయింట్లు పంపామని అంత గట్టిగా అన్నారంటే అలాంటిదేం వచ్చినట్టు లేదు. బహుశా ఆ బాక్స్ ఇంకా బతికే ఉంది, ఎవరూ తెరవట్లేదు, ఆ ఫారం 16లు అందులోనే పడి ఉన్నాయి. మీ ఆఫీసు మెయిల్ మైక్రోసాఫ్ట్ 365లో ఉందన్నారు కాబట్టి, అడ్మిన్ లాగిన్ ఉన్నవాళ్లు ముందు ఆ ఖాతా పాస్‌వర్డ్ మార్చి, దాన్ని "షేర్డ్ మెయిల్‌బాక్స్"గా, అంటే అనుమతి ఉన్న కొందరు కలిసి తెరవగల బాక్స్‌గా, మార్చేయవచ్చు. 50 జీబీ లోపు ఉంటే దానికి వేరే లైసెన్సు కూడా అక్కర్లేదు. అప్పుడు మీరు తెరిచి అందులో ఏమేం వచ్చాయో చూడవచ్చు, ఇక మీద వచ్చేవీ అందుకోవచ్చు. ఖాతాను ఈ మధ్యే తొలగించి ఉంటే, 30 రోజుల లోపు వెనక్కి తెచ్చుకునే వీలుంది.

ఒకవేళ అది ఆ అమ్మాయి సొంత జీమెయిల్ అయితే విషయం బరువైనది. క్లయింట్ల పత్రాలు బయటి మనిషికి వెళ్లినట్టు. చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం, 1949 కింద క్లయింటు అనుమతి లేకుండా వాళ్ల సమాచారం ఇతరులకు చెప్పడాన్ని వృత్తిపరమైన తప్పుగా చూస్తారు. ఇక్కడ ఎవరూ కావాలని చేయలేదు, నిజమే. అయినా జవాబు చెప్పుకోవాల్సింది సంతకం పెట్టే సారే. కాబట్టి ఆయనకు ఇది మీ నోటి నుంచి, ఇవాళో రేపో తెలియాలి. ఇంకో పెద్దాయన స్క్రీన్‌షాట్ల ద్వారా తెలియకూడదు. గుట్టుగా బాగుచేయించుకోవాలా అన్న ప్రశ్నకు ఈ ఒక్క కారణంతో నా జవాబు వద్దనే. మిగతా లింకులను చప్పుడు కాకుండా సరిచేసినా ఎవరికీ ఏమీ కాదు, ఈ ఒక్కటి అలా కుదరదు.

ఇక మిగతావి.

పత్రాల జాబితా గూగుల్ డ్రైవ్‌లో ఉంది, ఫైలు పెట్టింది మీరు. మీ కంప్యూటర్‌లో మీ ఖాతా ఎప్పుడూ తెరిచే ఉంటుంది కాబట్టి గూగుల్ మిమ్మల్ని గుర్తుపట్టి ఫైలు చూపిస్తోంది. బయటివాళ్లను అనుమతి అడగమంటోంది. "నా సిస్టమ్‌లో తెరుచుకుంటోంది" అన్న మాటకు అర్థం ఇదే. మన ఇంటి తాళంచెవి మన జేబులో ఉండగా తలుపు తీసి చూసి, చుట్టాలు కూడా వచ్చేయగలరు అనుకున్నట్టు. ఫైలు మీద "షేర్" నొక్కి, "జనరల్ యాక్సెస్" దగ్గర "రిస్ట్రిక్టెడ్" బదులు "ఎనీవన్ విత్ ద లింక్", పక్కన "వ్యూయర్" పెట్టండి. ఇక్కడ ఒక జాగ్రత్త. ఫైలుకు మాత్రమే ఇలా పెట్టండి, ఫోల్డర్‌కు పొరపాటున కూడా వద్దు. చాలా ఆఫీసుల్లో ఇలాంటి జాబితా పక్కనే క్లయింట్ల ఫోల్డర్లు కూడా ఉంటాయి. మీ దగ్గరా అలాగే ఉంటే ముందు ఈ జాబితాను వేరే ఫోల్డర్‌లోకి జరిపి, ఆ తర్వాతే షేర్ చేయండి. ఏటా జాబితా మారుతుంది కదా, కొత్త పీడీఎఫ్ పెట్టినప్పుడల్లా కొత్త లింకు ఇవ్వాలేమో అనుకోవద్దు. అదే ఫైలు మీద "మేనేజ్ వెర్షన్స్"కు వెళ్లి కొత్తది ఎక్కిస్తే లింకు మారదు. నిరుటి మెయిల్ తెరిచి నొక్కినా ఈ ఏటి జాబితాయే వస్తుంది.

వాట్సాప్ లింకులో నంబరు ముందు ప్లస్సు పెట్టారు, 91 పెట్టారు, ఆపైన సున్నా కూడా పెట్టారు. ఎస్టీడీ కాలం నుంచి మన చేతికి అలవాటైన సున్నా అది. "వా డాట్ మీ" (wa.me) తర్వాత ఏటవాలు గీత (స్లాష్), దాని తర్వాత 91, వెంటనే పది అంకెలు. ప్లస్సు, సున్నా, ఖాళీలు, డ్యాష్‌లు ఏవీ ఉండకూడదు. ఫోన్ నంబరుకు ఇచ్చే లింకులో ప్లస్సు ఉండాలి, అది వేరే పద్ధతి. రెండూ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి కలగాపులగం అవుతుంది.

మ్యాప్ సంగతి. మిగతా లింకులు పనిచేయకపోతే ఆ విషయం వెంటనే తెలుస్తుంది, ఏదో ఎర్రర్ వస్తుంది. మ్యాప్ లింకు చక్కగా పనిచేసి మనిషిని తప్పు చోటికి పంపింది. నన్నడిగితే, ఆ మెయిల్ చిరునామాను పక్కన పెడితే, మీ లింకుల్లో అన్నిటికంటే హానికరమైనది ఇదే. దీన్ని సరిచేయడం, అది దేనికి లింకు అన్నదాన్ని బట్టి ఉంటుంది. నేను నొక్కినప్పుడు మీ ఆఫీసు పేరుతో ఉన్న గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ తెరుచుకుంది, చిరునామా మాత్రం నారాయణగూడదే. ఇది మంచికే. ప్రొఫైల్‌లో చిరునామా కొండాపూర్‌కు మారిస్తే ఇప్పటిదాకా పంపిన మెయిల్స్‌లోని లింకు కూడా కొత్త చోటికే దారి చూపిస్తుంది. మార్చినప్పుడు గూగుల్ మళ్లీ ధ్రువీకరణ అడగవచ్చు, దానికి కొన్ని రోజులు పట్టవచ్చు. ఈలోపు సిగ్నేచర్‌లో "ఆఫీసు కొండాపూర్‌కు మారింది" అని మామూలు అక్షరాలతో ఒక ముక్క రాయండి. దిల్‌సుఖ్‌నగర్ నుంచి వచ్చే మనిషికి లింకు కంటే ఆ ముక్కే ఎక్కువ పనికొస్తుంది.

వెబ్‌సైట్ దగ్గరకు వస్తే, మేనల్లుడు చెప్పింది సగం నిజం. లింకులో సైట్ పేరు తర్వాత స్లాష్ పెట్టి ఉన్నదంతా తీసేసి తెరిస్తే సైట్ చక్కగా వస్తోంది. మీ బుక్‌మార్క్ కూడా ఆ మొదటి పేజీకే అయి ఉంటుంది, అందుకే మీకు ఎప్పుడూ తేడా తెలియలేదు. మీ సిగ్నేచర్‌లో ఉన్నది పాత సైట్‌లోని సేవల పేజీ. కొత్త సైట్ కట్టినప్పుడు ఆ పేజీ చిరునామా మారింది. పాత చిరునామాకు వచ్చినవాళ్లను కొత్తదానికి పంపే ఏర్పాటు అతను చేయలేదు. సైట్ మార్చేటప్పుడు అది మామూలుగా చేసే పనే. దాన్ని 301 రీడైరెక్ట్ అంటారు, అతనికి తెలియకుండా ఉండదు, మరిచిపోయి ఉంటాడు.

మీలాగే లింకు నొక్కితే ఏదో వస్తోందని తికమకపడే పాఠకులకు కూడా ఇది పనికొస్తుంది కాబట్టి చెప్తున్నా, స్క్రీన్ మీద వచ్చే మాటను చదివితే తప్పు ఎవరి దగ్గరుందో చాలావరకు తెలుస్తుంది. 404 అని వస్తే సైట్ ఉంది, ఆ పేజీ లేదు. సైటే దొరకలేదని వస్తే డొమైన్ పేరు తప్పు రాసి ఉండాలి, లేదా దాని గడువు తీరి ఉండాలి. "కనెక్షన్ సురక్షితం కాదు" అంటే సైట్ సర్టిఫికెట్ గోల. నొక్కితే ఇంటర్నెట్‌కు వెళ్లకుండా మీ కంప్యూటర్‌లోనే ఏదో ఫైలు కోసం వెతికితే, లింకు ముందు హెచ్‌టీటీపీఎస్, కోలన్, రెండు స్లాష్‌లు (https://) పెట్టలేదన్నమాట. అనుమతి అడిగితే డ్రైవ్ షేరింగ్. వీటిలో మొదటిదీ మూడోదీ సైట్ చూసేవాళ్ల పని. చివరి రెండూ సిగ్నేచర్ రాసినవాళ్ల పని. రెండోదానికి ముందు స్పెల్లింగ్ చూడాలి.

మీరు పంపిన రెండో మెయిల్‌లో, ఆ జూనియర్ సిగ్నేచర్‌లో, మీ దాంట్లో లేని తప్పు ఒకటుంది. వెబ్‌సైట్ లింకు అడుగున ఉన్న చిరునామా రెండు వరుసలంత పొడవుంది, అందులో మైక్రోసాఫ్ట్ సేఫ్‌లింక్స్ పేరుంది. ఆ అబ్బాయి ఏం చేశాడంటే, మీరు పంపిన మెయిల్ తెరిచి అందులోంచి సిగ్నేచర్ కాపీ చేసుకున్నాడు. మీరు అలాగే చేయమన్నారు కూడా. వచ్చే మెయిల్స్‌లోని లింకుల్లో వైరస్ ఉందేమో పరీక్షించడానికి ఆ రక్షణ ఏర్పాటు ప్రతి లింకునూ తన చిరునామాలో చుట్టేస్తుంది. దాన్నే కాపీ చేస్తే ఆ చుట్ట కూడా వచ్చేస్తుంది. అందుకే కొత్త సిగ్నేచర్‌ను మెయిల్‌లో పంచవద్దు. వర్డ్ ఫైలుగా ఆఫీసు షేర్డ్ ఫోల్డర్‌లో పెట్టి, అందులోంచి తీసుకోమనండి. వీలైతే ఒక్కొక్కరి సీటు దగ్గర మీరే నిలబడి పెట్టించండి, ఒక పూట పని.

లోగో గురించి మీరు రాయలేదు గానీ జూనియర్ మెయిల్‌లో ఖాళీ గడి మాత్రమే వస్తోంది. ఔట్‌లుక్ సిగ్నేచర్ పెట్టెలో "ఇన్‌సర్ట్ పిక్చర్"తో కొత్తగా ఎక్కిస్తే సరిపోతుంది.

ఇవన్నీ సరిచేశాక పరీక్షించే పద్ధతి మార్చుకోండి. మీ సీట్లో కూర్చుని, మీ లాగిన్‌తో చూడొద్దు. మెయిల్‌ను మీ సొంత జీమెయిల్‌కు పంపుకుని, ఇంట్లో వేరేవాళ్ల ఫోన్‌లోనో, బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో కిటికీ (మీ లాగిన్లు పనిచేయని విడి కిటికీ) తెరిచో నొక్కండి. ఫోన్‌లో లింకు మీద వేలు కాసేపు నొక్కి పట్టుకుంటే అడుగునున్న అసలు చిరునామా కనిపిస్తుంది. ఒక రిప్లై కూడా కొట్టించి, రిప్లైలో సిగ్నేచర్ ఎలా వస్తోందో చూడండి. కొందరి మెయిల్ ఉత్త అక్షరాల పద్ధతిలో ఉంటుంది, అక్కడ "ఇక్కడ నొక్కండి" అన్న మాట వెనకాల దాచిన చిరునామాలు సరిగా రావు. వెబ్‌సైట్ పేరు, ఫోన్ నంబరు పైకే కనిపించేలా రాస్తే ఆ బాధ ఉండదు. పైకి ఒకటి, అడుగున ఇంకొకటి ఉన్న లింకులను మోసపు మెయిల్స్‌గా అనుమానించే ఫిల్టర్లు కూడా ఉన్నాయి. మీ మెయిల్స్ స్పామ్‌లో పడుతున్నాయని ఎవరైనా అని ఉంటే ఇదీ ఒక కారణం కావచ్చు.

పెద్ద ఆఫీసుల్లోలాగా సిగ్నేచర్‌ను సర్వర్ దగ్గరే అందరికీ ఒకేసారి అతికించే వీలు మైక్రోసాఫ్ట్ 365లో ఉంది, మెయిల్ ఫ్లో రూల్ అంటారు. మార్పు ఒక్క చోట చేస్తే చాలు, ఎవరూ చెడగొట్టలేరు. కానీ రాసేటప్పుడు అది కనిపించదు, రిప్లైల్లో మీ మాటల కింద కాకుండా మొత్తం సంభాషణకు అట్టడుగున వెళ్లి పడుతుంది. నెలనెలా డబ్బు తీసుకుని ఈ పని చేసిపెట్టే సర్వీసులూ ఉన్నాయి. మీ అంత ఆఫీసుకు ఏదీ అక్కర్లేదని నా అభిప్రాయం. అసలు ఆరు లింకులు ఎందుకండీ? ఆడిటర్ ఆఫీసుకు ఫోన్, వెబ్‌సైట్, మ్యాప్ ఉంటే చాలు. పత్రాల జాబితా కావాల్సినప్పుడు మెయిల్‌కు జత చేసి పంపవచ్చు. మెయిల్ చిరునామా సిగ్నేచర్‌లో ఎందుకో నాకు ఎప్పుడూ అర్థం కాలేదు, మెయిల్ వచ్చిందే దాన్నుంచి కదా.

ఇప్పుడు మనుషుల సంగతి. మీ ముందు మూడు దారులున్నాయి.

ఒకటి, మీవి మీరు సరిచేసేసి, సైట్ సంగతి ఎత్తకుండా ఊరుకోవడం. గొడవ ఉండదు. కానీ పంపేసిన మెయిల్స్‌లోని లింకులను మీరు మార్చలేరు. అవి క్లయింట్ల ఇన్‌బాక్సుల్లో ఏళ్ల తరబడి ఉంటాయి. సైట్ వైపు ఆ రీడైరెక్ట్ పెడితేనే అవి బాగుపడతాయి, కాబట్టి అతని సాయం లేకుండా ఈ పని పూర్తి కాదు.

రెండు, స్క్రీన్‌షాట్లతో సార్ దగ్గరకు వెళ్లి, వెబ్‌సైట్ తప్పు మేనల్లుడిదేనని తేల్చడం. మీ మాట నిజమే, నిరూపించగలరు కూడా. అయితే సార్ ఇరుకున పడతారు. ఒక పక్క ఉద్యోగి, ఇంకో పక్క అక్క కొడుకు, పైగా డబ్బు తీసుకోకుండా చేసిపెట్టినవాడు. అతను తన పనిని సమర్థించుకోవడం మొదలుపెడితే ఐదు నిమిషాల పని దసరా దాకా సాగుతుంది. ఆ రోజు అందరి ముందూ పడ్డ మాటకు బదులు దొరికిన తృప్తి మాత్రం ఉంటుంది. ఆ తృప్తి అక్కర్లేదని నేననను, అతనన్న మాట తేలికైనదేం కాదు. దాని ఖరీదు మీకు తెలిసి ఉండాలని చెప్తున్నా.

మూడు, ఒక్క కాగితం మీద పట్టిక గీయడం. లింకు పేరు, ఇప్పుడు నొక్కితే ఏం వస్తోంది, ఏం రావాలి, ఎవరు మార్చగలరు. ఎవరి వల్ల అన్న గడి పెట్టకండి. మొదటి వరుసలో మీ మెయిల్ చిరునామా తప్పే రాయండి, దాని పక్కనే పాత మెయిల్‌బాక్స్‌లో పత్రాలు ఉండవచ్చన్న మాట కూడా. మీ తప్పు మీరే ముందు చెప్తే, కింద నాలుగో వరుసలో "సేవల పేజీ: సైట్ వైపు 301 రీడైరెక్ట్ కావాలి" అన్నది ఫిర్యాదులా వినిపించదు. ఇందులో ఇబ్బంది ఏమిటంటే, సార్ మొదటి వరుస చదివి కోప్పడి మిగతాది చదవకపోవచ్చు. ఫారం 16 విషయం బయటపడ్డాక ఆ ఇద్దరికీ క్షమాపణ చెప్పాల్సి వస్తుంది, అందులో మీతో మాటా మాటా అయినాయనకు మీరే చెప్పాలి. గడువులోపే రిటర్ను వేశారు కాబట్టి సరిపోయింది, లేకపోతే 5,000 రూపాయల దాకా ఆలస్య రుసుము పడేది, అప్పుడు ఈ సంభాషణ ఇంకోలా ఉండేది. నా మొగ్గు ఈ మూడో దారికే. మీ సార్ స్వభావం మీకు తెలుసు, కాగితం కంటే విడిగా పది నిమిషాలు కూర్చుని చెప్పడం నయమనిపిస్తే అలాగే చేయండి. స్టాఫ్ మీటింగ్‌లో మాత్రం వద్దు.

మేనల్లుడికి సార్ ద్వారా కాకుండా మీరే నేరుగా రాయడం మంచిది. ఇలా రాయవచ్చు: "బాబూ, పాత సేవల పేజీ చిరునామా నొక్కితే 404 వస్తోంది. క్లయింట్లకు ఇదివరకు పంపిన మెయిల్స్‌లో అదే లింకు ఉంది, వాటిని నేను మార్చలేను. దాన్ని కొత్త సేవల పేజీకి 301 రీడైరెక్ట్ చేయగలవా? సిగ్నేచర్‌లో నా వైపు తప్పులు సరిచేశాను." కింద పాత చిరునామా, కొత్త చిరునామా రెండూ అతికించండి. ఇది చదివాక కాపీ పేస్ట్ గురించి మళ్లీ మాట్లాడతాడని నేననుకోను.

సొంత డబ్బు ఖర్చు పెట్టొద్దు. ఇందులో డబ్బుతో అయ్యే పని ఏదీ లేదు, ఉన్నా అది ఆఫీసు ఖర్చు. మీ ఆయన "చిన్నది" అన్నది లింకుల గురించే అయితే నిజమే. క్లయింట్ల కాగితాలు ఎవరి దగ్గరున్నాయో తెలియకపోవడం చిన్నదేం కాదు. మీకు నిద్ర పట్టకపోవడంలో అర్థం ఉంది, కాకపోతే మీరు భయపడిన విషయం వేరు.

మీరు అడగనిది ఇంకొకటి చెప్తాను. ఆ పాత ఉద్యోగి చిరునామా ఇంకా ఎక్కడెక్కడ నమోదై ఉందో చూడండి. ముఖ్యంగా మీ డొమైన్ ఎవరి పేరు మీద, ఏ మెయిల్‌తో రిజిస్టర్ అయి ఉందో సార్‌ను గానీ మేనల్లుడిని గానీ అడగండి. రెన్యువల్ గుర్తుచేసే మెయిల్స్ వచ్చేది ఆ చిరునామాకే. ఎవరూ తెరవని బాక్స్‌కు అవి వెళ్తుంటే, ఒక రోజు గడువు తీరి వెబ్‌సైట్‌తో పాటు ఆఫీసు మెయిల్స్ కూడా ఆగిపోతాయి. ఆ గడువు తేదీ ఎప్పుడో తెలుసుకుని, ఆ ఖాతాలో మెయిల్‌ను సార్ చిరునామాకు మార్పించండి. తేదీ దగ్గర్లో ఉంటే మాత్రం సిగ్నేచర్ పని పక్కన పెట్టి ముందు ఇది చేయించండి.